అందరూ వరసగా నిలబడి నవ్వాక

ఆ రోజుల్లో సినిమా ఎక్కడ అయిపోతుందో మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. విలన్‌ని పోలీసులు జీపు ఎక్కిస్తారు. హీరో, హీరోయిను, అమ్మ, నాన్న, చెల్లెలు, చెల్లెలి మొగుడు, వంటవాడు, అందరూ ఒక వరసలో నిలబడతారు. హాస్యనటుడు ఏదో ఒక మాట అంటాడు. అందరూ ఒకేసారి నవ్వుతారు. ఆ నవ్వు మొదలవగానే హాల్లో కుర్చీలు టపటపా మోగేవి. "శుభం" అక్షరాలు పడేసరికి వాటిని చదవడానికి హాలు ఊడ్చేవాళ్ళు తప్ప ఎవరూ మిగిలేవారు కాదు. గేటు దగ్గర మనిషి కూడా నవ్వు వినపడగానే గడియలు తీసేవాడు. బయటి వెలుతురు తెర మీద పడి, అంతవరకూ హాయిగా నవ్వుతున్న మొహాలన్నీ ఒక్కసారిగా తెల్లబోయేవి. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. అయినా ఇంత కచ్చితంగా అమలైన నియమాన్ని నేను ఆ తరవాత ఏ ఆఫీసులోనూ చూడలేదు.

అప్పటికి నేను సినిమాలను మూడు రకాలుగా విడదీసి పెట్టుకున్నాను. మొదటివి పాతవి. ఒక దీపం, ఒక మెట్ల వరస, ఎవరిదో అడుగుల చప్పుడు, ఇంతే సామగ్రితో భయపెట్టిన నలుపు తెలుపు సస్పెన్సులు. రెండోవి కొత్తవి. వీటిలో ఎప్పుడు భయపడాలో సంగీతమే ముందుగా చెప్పేస్తుంది, మనం అలాగేనని భయపడాలి. మూడోది అసలు సిసలు థ్రిల్లరు. అది తెలుగులో ఇంకా రాలేదని, వస్తే మొదట గుర్తించేది నేనేనని నాకు గట్టి నమ్మకం. దానికి కొన్ని షరతులు కూడా సిద్ధం చేసుకున్నాను. నేరం చేసినవాడు ఇంటర్వెల్ లోపే ఒకసారి కనిపించి ఉండాలి. వాడు హాస్యనటుడు కాకూడదు. కవల సోదరుడు అసలే కాకూడదు. ఆఖరి దృశ్యం చూశాక మొదటి దృశ్యానికి అర్థం మారిపోవాలి. (భీమవరం ఇంజినీరింగు కాలేజీలో నాలుగేళ్ళు ఎలక్ట్రానిక్స్ చదివినవాడు ఇంతకంటే ఉపయోగపడే షరతులు ఏవైనా నేర్చుకుని ఉండాల్సింది. మా నాన్నగారు ఈ మాటే వేరే మాటల్లో చెప్పేవారు.)

చదువు అయింది, ఉద్యోగం కబురు రాలేదు. ఇంట్లో ఫ్యాను కింద పడుకునే బదులు వెళ్ళి మావయ్యకి సాయం చెయ్యమని అమ్మ నన్ను తన తమ్ముడి ఊరు పంపించింది. రావులపాలెం నుంచి కాలువ గట్టు వెంబడి వెళ్ళే బస్సు వెనక్కి తిరిగేది ఆ ఊళ్ళోనే. ఆ బస్టాండుకి ఎదురుగా ఉన్న రేకుల హాలుని మావయ్య లీజుకి తీసుకుని నడిపేవాడు. కుర్రతనంలో టిక్కెట్లు చింపడంతో మొదలుపెట్టి, సినిమా హాలు తప్ప ఇంకే పనీ తెలియకుండా జుట్టు నెరిసిన మనిషి ఆయన. హాలు మాత్రం మిల్లుగారిది. మిల్లుగారంటే ఆ ఊరి రైసుమిల్లు ఆసామి. ఆయనా, ఆయన తమ్ముడూ వయసులో ఉండగా కలిసి కట్టించిన హాలు అది. పంపకాల్లో మిల్లూ హాలూ అన్నగారికి వచ్చాయి, చెరువులు తమ్ముడికి వెళ్ళాయి, మాటలు మాత్రం ఇద్దరికీ లేకుండా పోయాయి. ఎదురుపడితే ఒకరు రోడ్డుకి ఆ పక్కకి తప్పుకుంటారని ఊరంతటికీ తెలుసు.

నేను వెళ్ళేసరికి మావయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంటింటికీ కేబుల్ వచ్చి హాలు ఖాళీగా ఉంటోంది. అరటి వ్యాపారి ఒకాయన గెలలు మాగబెట్టుకోవడానికి హాలు అడుగుతున్నాడట. "వేసంగి అయ్యేలోపు ఒక్క బొమ్మన్నా నిండుగా ఆడించండి, ఇంకో ఏడాది చూద్దాం. లేదంటే ఏమనుకోకండి, గెలలు పెట్టేసుకుంటాం" అని మిల్లుగారు మర్యాదగానే చెప్పారట. మా వైపు కొంపలు మునిగే మాటలు కూడా మర్యాదగానే వస్తాయి.

"నువ్వు ఇంజినీరువి. లోకంలో ఉన్న సినిమాలన్నీ చూసినోడివి. ఏ బొమ్మ తెమ్మంటావో నువ్వే చెప్పరా అల్లుడూ" అన్నాడు మావయ్య.

"ఇంకో పూట ఆలోచించి అడగండి వాణ్ణి" అంది అత్తయ్య వంటింట్లోంచి. ఆవిడ మాట ఎవరు విన్నారు?

నేను అప్పటికే ఒక బొమ్మ చూసి ఉన్నాను. మూడో రకం వచ్చేసిందని, గుర్తించింది కూడా నేనేనని నెల రోజులుగా లోలోపల పొంగిపోతున్నాను. (రాజమండ్రిలో నేను చూసిన ఆటకి జనమే లేరు. దాన్ని కూడా ఆ సినిమా గొప్పతనం కిందే జమ కట్టుకున్నాను.) కథ ఇది. కొండ మీద బంగళాలో ఉమ్మడి కుటుంబం. ఇంటికి పెద్దవాడైన అన్న మీద మూడుసార్లు హత్యాప్రయత్నం జరుగుతుంది. అనుమానాలన్నీ తిరిగి తిరిగి ఇంటి డాక్టరు మీదికి వస్తాయి, పోలీసులు అతన్ని పట్టుకుపోతారు. మర్నాడు పొద్దున్న తోటలో అందరూ నిలబడి ఉండగా వంటవాడు ఉప్మా గురించి ఏదో అంటాడు, అందరూ నవ్వుతారు. అక్కడ అయిపోలేదు. ఆ రాత్రి అన్న తమ్ముడి గది తలుపు తోసి చూస్తే, చంపబోయినవాడు వాడిన నల్ల చేతి తొడుగు తమ్ముడి చేతిలో ఉంటుంది. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకుంటారు. మాటల్లేవు. బొమ్మ అక్కడే బిగుసుకుపోతుంది. అంతే, సమాప్తం. ఆ చివరి రెండు నిమిషాల్లో వెనకటి కథంతా తిరగబడుతుంది. నేను దీన్ని మావయ్యకి చేతులు ఊపుతూ చెబితే, ఆయన కళ్ళు పెద్దవి చేసి, "అయితే తమ్ముడా!" అన్నాడు. ఆ కేకతో మా లెక్క తేలిపోయింది. ఫిల్ము పెట్టె తెప్పించాం.

మొదటి రోజు మ్యాట్నీకి హాలు సగం పైగా నిండింది. నేను ఆఖరి వరసలో నిలబడి తెర వైపు కాకుండా జనం వైపు చూస్తున్నాను. మొదటి హత్యాప్రయత్నానికి ఒకావిడ పక్కావిడ చెయ్యి పట్టుకుంది. ఇంటర్వెల్‌లో సోడా కొట్టు దగ్గర, "డాక్టరే" "కాదు, ఆ పెద్ద కోడలు" అని వాదనలు. అన్నీ నా షరతుల ప్రకారమే నడుస్తున్నాయి. డాక్టరు జీపెక్కాడు. తోటలో అందరూ వరసగా నిలబడ్డారు. వంటవాడు ఉప్మా మాట అన్నాడు. నవ్వు.

కుర్చీలు టపటపా మోగాయి. గేటు మనిషి గడియలు తీశాడు. ఎండ లోపలికి కొట్టింది. "ఉండండి! ఇంకా ఉందండీ!" అని నేను అరిచాను. "బస్సు ఉండదు బాబూ" అని ఒకాయన నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. తెర మీద తమ్ముడు చేతి తొడుగు బయటికి తీసే సమయానికి హాల్లో పల్లీ పొట్టు మాత్రమే ఉంది.

ఇంటికి వెళితే అత్తయ్య, "నేను మొదట్నించీ అనుకుంటానే ఉన్నాను, ఆ డాక్టరు చూపు మంచిది కాదని" అంది. ఆవిడ కూడా నవ్వుకే లేచొచ్చేసింది! మర్నాటికి ఊరంతా ఇదే మాట. డాక్టరే చేశాడు, అనుకున్నట్టే అయింది, ఇందులో పెద్ద సస్పెన్సు ఏముంది, మామూలు బొమ్మే. ఒక మంచి థ్రిల్లరు తన ముగింపు లేకుండానే ఊళ్ళో ఫెయిలైపోతోంది. రెండో రోజుకి హాలు సగం, మూడో రోజుకి అందులో సగం. మావయ్య అన్నం దగ్గర కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నాడు. బజార్లో అరటి వ్యాపారి ఎదురై ఎంతో ఆప్యాయంగా, "హాలు పొడుగు ఎంత ఉంటుందండీ?" అని అడిగాడట.

సమస్యని విడగొట్టి చూడాలని కాలేజీలో నేర్పారు. నేను విడగొట్టాను. తలుపులు తీస్తున్నారు కాబట్టి జనం వెళుతున్నారు. తలుపులు తియ్యకూడదు. ఆ మధ్యాహ్నం గేటు మనిషిని గడియల మీద చెయ్యి వెయ్యొద్దన్నాను. నవ్వు వచ్చింది, జనం లేచారు, తలుపుల దాకా వెళ్ళారు, తలుపులు రాలేదు. "ఏంటయ్యా ఇది? బస్సెళ్ళిపోతే ఇంట్లో గేదె పాలు నువ్వు తీస్తావా?" అని ఒకావిడ చీకట్లో నన్ను నిలదీసింది. తెరకి వీపు పెట్టి అందరూ తలుపులు బాదుతుంటే, వాళ్ళ వెనక అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకుని సమాప్తమైపోయారు.

తరవాతి ఉపాయం స్లైడు. హాల్లో "పొగ త్రాగరాదు", బట్టల కొట్టు ప్రకటన వేసే చిన్న యంత్రం ఉండేది. గాజు పలక మీద నా చేత్తోనే రాశాను: "సినిమా ఇంకా అయిపోలేదు. దయచేసి కూర్చోండి." నవ్వు మొదలవగానే దాన్ని తెర మీద వేయించాను. జనం నిజంగానే ఆగారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ముందు వరసలోంచి ఒక గొంతు, "అయిపోలేదంటే, డాక్టరు కాదన్నమాట!" అంది. "మరెవరు? ఇంకెవరున్నారు, తమ్ముడే" అంది ఇంకో గొంతు. "అంతే కదా" అని అందరూ ఒప్పుకుని, తేలిపోయిన విషయానికి కూర్చోవడం దేనికని లేచి వెళ్ళిపోయారు. ఒక రహస్యాన్ని కాపాడడానికి దాన్ని స్లైడు మీద రాసి తెర మీద వేసిన ఇంజినీరు బహుశా నేనొక్కడినే.

ఆ సాయంత్రం మావయ్య ఆపరేటర్ గదిలో కూర్చున్నాడు. ఆపరేటర్‌ని అందరూ కార్బన్‌గారు అనేవారు. ప్రొజెక్టరులో వెలిగే కార్బన్ పుల్లలు మార్చడంలోనే ఆయన జీవితం గడిచింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"అల్లుడూ" అన్నాడు మావయ్య ఉన్నట్టుండి. "ఆ నవ్వులు తీసుకెళ్ళి చివర్లో పెడితేనో?"

"చివర్లో అంటే?"

"చివర్లో అంటే చివర్లోనేరా. ముందు తమ్ముడు దొరికిపోతాడు. తరవాత అందరూ నవ్వుతారు. అప్పుడు తలుపులు తీస్తాం. ఎవళ్ళ అలవాటు వాళ్ళది, గొడవ లేదు."

"మావయ్యా, చంపబోయినవాడు దొరికిపోతే అందరూ ఎందుకు నవ్వుతారు?"

"మరి ఇప్పుడెందుకు నవ్వుతున్నారు?"

 ఉప్మా గురించి అని చెప్పడానికి మనసొప్పలేదు. అయినా ఓడిపోకుండా కళ మీద, దర్శకుడి ఉద్దేశం మీద చాలాసేపు మాట్లాడాను. అది పనిచెయ్యకపోతే సాంకేతిక కారణం తీశాను. ఫిల్ములో బొమ్మ ఒకచోట ఉంటే దాని శబ్దం కొంచెం ముందు ముద్రించి ఉంటుంది. మధ్యలో కోసి వేరేచోట అతికిస్తే ఆ నవ్వు తాలూకు మొదటి శబ్దం తెగిపోతుంది. నోళ్ళు తెరుచుకుంటాయి గానీ క్షణం పాటు నవ్వు వినపడదు. "అవునా కార్బన్‌గారూ?" అన్నాను. "ఆయ్, వినపడదండి" అన్నాడాయన.

"క్షణమే కదా. దానికే ప్రాణాలు పోతాయేంటి?" అన్నాడు మావయ్య. తరవాత గొంతు తగ్గించి, "నాకు ఇంకో పని రాదురా" అన్నాడు. నేను కత్తెర తీసి కార్బన్‌గారి చేతికిచ్చాను. కార్బన్‌గారు ఉప్మా మాట అక్కడే ఉంచేసి, నవ్వుల ముక్క కత్తిరించి చివర అతికించారు. "సమాప్తం" తీసేసి మావయ్య "శుభం" స్లైడు ఒకటి సిద్ధం చేశాడు.

మర్నాడు మ్యాట్నీ. తోటలో వంటవాడు ఉప్మా మాట అన్నాడు, ఎవరూ నవ్వలేదు. (అది న్యాయమే.) నవ్వు రాలేదు కాబట్టి ఎవరూ లేవలేదు. రాత్రయింది. అన్న తలుపు తోశాడు. తమ్ముడి చేతిలో నల్ల తొడుగు. "ఓరి దుర్మార్గుడా!" అని హాలంతా ఒక్క గొంతుతో అంది. అన్నదమ్ములు చూసుకున్నారు. బొమ్మ బిగుసుకుంది. వెంటనే తెల్లారిపోయింది. తోటలో అందరూ వరసగా నిలబడ్డారు, అన్న పక్కనే తమ్ముడు. నోళ్ళు తెరిచారు. నవ్వు లేదు. తరవాత నవ్వు వచ్చింది. కుర్చీలు మాత్రం వెంటనే మోగలేదు. జనం నెమ్మదిగా, పెళ్ళివారింట్లోంచి వెళుతున్నట్టు లేచారు.

బస్టాండులో వాళ్ళ వెనకే నిలబడి విన్నాను.

"కళ్ళారా చూశాడండీ. చూసి కూడా ఒక్క మాట అన్లేదు. తెల్లారేసరికి పక్కన నిలబెట్టుకున్నాడు. అన్నంటే ఆయనండీ."

"మరి ఆ డాక్టరు సంగతేంటి? పాపం లోపలే ఉన్నాడు కదా."

"ఇడిపించే ఉంటాడ్లెండి. తమ్ముణ్ణే క్షమించినోడు, డాక్టర్ని వదిలేస్తాడేంటి!"

దర్శకుడు ద్రోహం గురించి తీసిన సినిమా ఆ ఊళ్ళో క్షమ గురించి ఆడడం మొదలైంది. నాలుగు రోజుల్లో హాలు నిండింది. ఆత్రేయపురం వైపు నుంచి పూతరేకులు చేసే ఆడవాళ్ళు పని తొందరగా ముగించుకుని బస్సెక్కి వచ్చారు. అత్తయ్య మళ్ళీ చూసి, "ఆ తమ్ముడి చూపు నాకు మొదట్నించీ నచ్చలేదు" అంది. రాజమండ్రిలో ఎత్తేసిన బొమ్మ మా రేకుల హాల్లో అదనపు కుర్చీలు వేయించుకుంది. నేను మాత్రం మొహం గంటు పెట్టుకుని తిరిగాను. ఆ ఊళ్ళో ఆ సినిమా నిజంగా ఏమిటో తెలిసిన ఏకైక వ్యక్తినని నాకొక విషాదం ఉండేది. దాన్ని నేను చాలా శ్రద్ధగా పోషించుకున్నాను.

అలాంటి ఒక మధ్యాహ్నం మిల్లుగారు చెప్పకుండా వచ్చారు. మావయ్య కంగారుగా ఆయన్ని వెనక పేము కుర్చీలో కూర్చోబెట్టి, సోడా తెప్పించి, తను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను మావయ్య పక్కన నిలబడ్డాను. ఆ ఆట పొడవునా మావయ్య తెర వైపు చూడలేదు. ఆయన చూపంతా ఆ తెల్ల చొక్కా భుజాల మీదే ఉంది. బొమ్మ అయింది. తలుపులు తీశారు. జనం వెళ్ళిపోయారు. మిల్లుగారు లేవలేదు. సోడా తాగలేదు.

"బాగానే పోతందండి, ఆయ్" అన్నాడు మావయ్య.

"ఆ నవ్వు గమనించారా?" అన్నారు మిల్లుగారు తెర వైపే చూస్తూ. "నోళ్ళు తెరిచారు గానీ ముందు నవ్వు రాలేదండి. పైకి నవ్వాలి కాబట్టి నవ్వేరు. లోపల్నించి ఎలా వస్తాదండీ? తోడబుట్టినోడు..."

అది శబ్దం బొమ్మ కంటే ముందు ముద్రించడం వల్ల వచ్చిన లోపమని వివరించడానికి నేను గొంతు సవరించుకున్నాను. మావయ్య నా కాలు తొక్కాడు. గట్టిగా.

మిల్లుగారు కండువాతో మొహం తుడుచుకుని లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ గెలలాయనకి ఇంకోచోటు చూసుకోమని చెప్తానులెండి" అన్నారు. మావయ్య రెండు చేతులూ జోడించాడు. ఆయన వెళ్ళాక అదే పేము కుర్చీలో కూలబడి, ఆయన ముట్టని సోడా గడగడా తాగేశాడు. మిల్లుగారు తమ్ముడి ఇంటికి వెళ్ళారా అంటే, నాకు తెలిసి వెళ్ళలేదు. కాకపోతే ఆ వారంలోనే ఆ తమ్ముడు కూడా ఒక మ్యాట్నీకి వచ్చాడని, చివరి వరసలో కూర్చున్నాడని, అందరూ వెళ్ళాక వెళ్ళాడని అత్తయ్య చెప్పింది. అంతకు మించి ఏమీ జరగలేదు. సినిమాల్లో అయితే జరిగేది.

పెట్టె తిరిగి పంపాల్సిన రోజు వచ్చింది. సాయంత్రం బస్సుకి వేస్తే చాలు. పంపేముందు ఫిల్ము మళ్ళీ ఉన్నదున్నట్టు అతికించాలి. మ్యాట్నీ కాకముందే అతికించేద్దామని, ఆఖరి ఆట ఒక్కటీ అసలు ముగింపుతో వేద్దామని నేను మొండికేశాను. హాలు దక్కిన సంతోషంలో ఉన్నాడు కాబట్టి మావయ్య వాదించలేదు. "సరే, ఇది నీ ఆట. నీ బొమ్మ నువ్వేసుకో" అని నవ్వేశాడు. కార్బన్‌గారి పక్కన కూర్చుని అతుకులు నా చేత్తోనే వేశాను. ఒక్క ఫ్రేము తేడా లేకుండా, దర్శకుడు పెట్టిన చోటే.

తోటలో అందరూ నవ్వారు. శబ్దం, బొమ్మ రెండూ చక్కగా కలిశాయి. కుర్చీలు టపటపా మోగాయి. "ఇవాళ తమ్ముడు దొరకలేదేంటే?" అని ఒక ముసలావిడ గుమ్మం దగ్గర అడుగుతోంది. "ఇవాళ డాక్టరే చేసినట్టున్నాడు. పద, బస్సొచ్చింది" అంది ఆవిడ కూతురు. నేను మాత్రం హాలు మధ్యలో, నాకు నచ్చిన కుర్చీలో నిటారుగా కూర్చుని చివరిదాకా చూశాను. అన్న తలుపు తోశాడు. ఇద్దరూ చూసుకున్నారు. బొమ్మ బిగుసుకుంది. నేను గెలిచాను. చుట్టూ ఖాళీ కుర్చీలు తప్ప ఆ సంగతి చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఆ తరవాత పాతవీ కొత్తవీ చాలా థ్రిల్లర్లు చూశాను. మలుపు మీద మలుపు తిప్పేవి, పేర్లన్నీ పడిపోయాక ఇంకో మలుపు దాచిపెట్టేవి కూడా. ఎక్కడా నా షరతులు వర్తింపజేసే ఓపిక ఇప్పుడు లేదు. కానీ సినిమా అయిపోయి దీపాలు వెలిగినప్పుడల్లా ఆ కుర్రాడు ఒకసారి గుర్తొస్తాడు. అంత పెద్ద హాల్లో ఒక్కడే, చేతులు కట్టుకుని, తనే న్యాయమూర్తి అయినట్టు తెర వైపు చూస్తూ. వాడితో వాదించాలని ఇప్పుడు అనిపించదు. నెమ్మదిగా వెళ్ళి, పక్క కుర్చీలో కూర్చుని, "బాగుందోయ్ నీ ముగింపు" అనాలనిపిస్తుంది. ఒక్కరైనా చెప్పాలి కదా, పాపం.